తొఖారియన్ ఇప్పటికీ బతికుంటే?

పోయిన నెల సంస్కృతం, గ్రీకు, లాటిన్ చుట్టరికం గురించి రాస్తూ తొఖారియన్ పేరు ఒక్క వాక్యంలో ఎత్తి వదిలేశాను. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. ఒకాయన అయితే ఏకంగా వ్యాకరణమే రాసి పంపారు. ఆయనకి పెద్ద జవాబు బాకీ ఉన్నాను కాబట్టి మిగతావాళ్లు కాస్త సర్దుకోండి.

ప్రశ్న: మేడం, ఈ తొఖారియన్ ఎక్కడి భాష? భారతంలో వచ్చే తుషారులు, తుఖారులు వీళ్లేనా?

ఇప్పటి చైనాలోని షిన్‌జియాంగ్‌లో తక్లమకాన్ ఎడారి ఉంది కదా, దాని ఉత్తరపు అంచున, తియాన్‌షాన్ కొండల కింద వరసగా ఒయాసిస్ ఊళ్లున్నాయి: కుచా, కరాషహర్, తుర్ఫాన్. తొఖారియన్ ఆ ఊళ్ల భాష. నిజానికి రెండు భాషలు. కరాషహర్, తుర్ఫాన్ వైపు దానికి పండితులు 'ఏ' అని, కుచా దానికి 'బీ' అని పేరు పెట్టారు. (ఇంత చప్పటి పేర్లు ఇంకే భాషకీ పెట్టి ఉండరు.) రాతప్రతుల్లో ఎక్కువ భాగం 6 నుంచి 8వ శతాబ్దం మధ్యవి. 1900 తర్వాత జర్మన్లు, ఫ్రెంచివాళ్లు, బ్రిటిష్‌వాళ్లు, రష్యన్లు, జపాన్‌వాళ్లు పోటీపడి పట్టుకెళ్లారు. 1908లో ఎమిల్ జీగ్, విల్హెల్మ్ జీగ్లింగ్ ఇది ఇండో-యూరోపియన్ కుటుంబంలోదని తేల్చారు. లిపి బ్రాహ్మి నుంచి వచ్చిందే, పైగా చాలా ప్రతులు సంస్కృత బౌద్ధ గ్రంథాలకు అనువాదాలు. అందుకే చదవడానికి పెద్దగా తిప్పలు పడలేదు.

అందరినీ ఉలిక్కిపడేలా చేసింది 'నూరు'. సంస్కృతంలో శతం, లాటిన్‌లో కెంతుమ్. తూర్పు భాషల్లో 'శ', పడమటి భాషల్లో 'క' అని అప్పటిదాకా పండితులు ఒక గీత గీసుకుని కూర్చున్నారు. తీరా చూస్తే అందరికన్నా తూర్పున దొరికిన కుచా భాషలో నూరుకి 'కంతే' అంటున్నారు! ఎనిమిది 'ఒక్త్', గుర్రం 'యక్వే'. లాటిన్ ఒక్తో, ఎక్వుస్ పక్కన పెట్టి చూసుకోండి.

ఇక పేరు సంగతి. ఒక పాత ఉయ్ఘుర్ (ఇది టర్కిక్ కుటుంబపు భాష) గ్రంథం చివర 'తోఖ్రీ భాష నుంచి' అని ఉండటం చూసి 1907లో మ్యూలర్ అనే పండితుడు తొఖారియన్ అన్నారు. గ్రీకుల తొఖారోయ్, మన తుఖారులు బాక్ట్రియా (ఇప్పటి ఉత్తర అఫ్గానిస్తాన్) వైపువాళ్లు. అక్కడ దొరికిన భాష ఇరానీ కుటుంబంలోది. కాబట్టి పేరు సరిగ్గా అతకలేదు, కానీ వందేళ్లు దాటాక ఇప్పుడెవరు మారుస్తారు?

ప్రశ్న: నేనొక నవల రాస్తున్నాను. కుచాకు ఉత్తరాన, తియాన్‌షాన్‌లో ఒక లోయ. అందులో గొర్రెలు, గుర్రాలు మేపుకునే చిన్న తెగ. తొఖారియన్ బీ నుంచి దిగివచ్చిన భాష వాళ్ల ఇళ్లల్లో ఈనాటికీ బతికే ఉంది. నిఘంటువు దగ్గర పెట్టుకుని 400 మాటలు తయారుచేశాను. చివరి అచ్చులు తీసేశాను. గుర్రం 'యక్వ్', నూరు 'కంత్'. బండిని పూర్వం 'కోకలే' అనేవారు కాబట్టి బస్సుకి 'కోకల్' అని పెట్టాను. 'నేను' అనడానికి ఆడవాళ్లకో మాట, మగవాళ్లకో మాట. వ్యాకరణం కూడా జతచేశాను. నమ్మేలా ఉందా మేడం? మొహమాటపడకుండా చెప్పండి.

మొహమాటం ఏమీ లేదు. మీ శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది. మీ భాష చూస్తే మాత్రం, అందులో మాట్లాడేవాళ్లు 8వ శతాబ్దంలో నిద్రపోయి నిన్న లేచినట్టుంది.

840లో ఉయ్ఘుర్ల గడ్డిమైదానపు రాజ్యాన్ని కిర్గిజ్‌లు కూలదోశారు. ఉయ్ఘుర్లలో చాలామంది దక్షిణానికి దిగి ఈ ఒయాసిస్సుల్లో స్థిరపడ్డారు. తొఖారియన్ క్రమంగా వాళ్ల భాషలో కలిసిపోయింది. మీ లోయవాళ్లు కలవలేదు, సరే ఒప్పుకుందాం, నవల కదా. అయినా ఉప్పు కొనడానికి, ఉన్ని అమ్మడానికి, పిల్లనివ్వడానికి కిందికి దిగక తప్పదు. సుమారు 1,200 ఏళ్లు దిగి ఉంటారు. మీ 400 మాటల్లో ఉయ్ఘుర్ మాట ఒక్కటీ లేదు! ముందు పొరుగువాళ్లు ఎవరో తేల్చుకోండి, భాష సంగతి ఆ తర్వాత చూద్దాం. సంతకి బజార్, బడికి మెక్తెప్, డబ్బుకి పుల్, టీకి చాయ్, ఇవన్నీ ఉయ్ఘుర్ నుంచి వచ్చి తీరతాయి. బస్సు ఎక్కేవాడు వెయ్యేళ్ల కిందటి ఎద్దుబండి మాటని వెతుక్కుంటూ కూర్చోడు, పక్కూరివాళ్లు అన్నట్టే 'మషీనా' అంటాడు. 'కోకలే' పూర్తిగా పోనక్కర్లేదు. గాడి తప్పిన పాత చక్రానికో, పిల్లల ఆటబొమ్మకో మిగల్చండి.

ఇప్పుడు మీకు బాధ కలిగించే సంగతి. 'కంత్' తీసేయండి. ఈ భాష పేరు ప్రపంచానికి తెలిసిందే ఆ ఒక్క మాటతో, నాకూ తెలుసు. కానీ పెద్ద అంకెలు ఇంట్లో వాడేవి కావు, సంతలో వాడేవి. బేరం ఎవరి భాషలో సాగితే అంకెలు వాళ్లవే అవుతాయి. మన ద్రావిడ కుటుంబంలోనే చూడండి. బలూచిస్తాన్‌లోని బ్రాహుయీకి చుట్టూ ఎక్కువగా ఇరానీ భాషలే. ఒకటి, రెండు, మూడు దాకా సొంత మాటలు నిలిచాయి, ఆ పైవన్నీ పొరుగువి. అయినా కంటికి 'ఖన్' అనే అంటారు, రాయికి 'ఖల్' అనే అంటారు, మన కన్ను, కన్నడంలో రాయిని అనే కల్లు ఆ వేషంలో ఇంకా తిరుగుతున్నాయి. మీ లోయలో కూడా షె, వి, త్రై, శ్వేర్, పిశ్ దాకా ఉంచి, పైన ఉయ్ఘుర్ అంకెలు పెట్టండి. నూరుకి 'యూజ్'. అన్నట్టు, నాలుగుకి మీరు 'శ్త్వేర్' అని పెట్టారు. చివరి కాలపు రాతప్రతుల్లోనే అది 'శ్వేర్'గా అరిగిపోయి కనిపిస్తుంది. రాసేవాడే అప్పటికి వదిలేసిన 'త్'ని మీ గొర్రెలకాపరి ఇప్పటికీ మోయడం అన్యాయం.

కంతేని వదులుకోవడానికి అంత మనసొప్పకపోతే ఒక దారుంది. నూరేళ్లు అనడానికి పాత భాషలో 'కంతే పిక్వల'. పుట్టిన బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ముసలమ్మలు అనే దీవెనగా దాన్ని దాచండి. 'కందబిగల్' అని ఒకే ముద్దగా అరిగిపోనివ్వండి. అందులో అంకె ఉందని ముసలమ్మకీ తెలియకూడదు.

కంతే 'కంద' ఎందుకైంది అంటారా? మీ ధ్వనుల పట్టికలో పెద్ద లోటు అక్కడే. ఇండో-యూరోపియన్ మూలభాషలో ఉన్న బ, ద, గ; భ, ధ, ఘ; ప, త, క అన్నీ తొఖారియన్‌లో కలిసిపోయి ప, త, క మాత్రమే మిగిలాయి. మీరు దాన్ని అలాగే ఉంచారు. పొరుగున ఉయ్ఘుర్‌లో బ, ద, గ నిక్షేపంగా ఉన్నాయి. బజార్ అనే మాట ఇంట్లోకి వచ్చిందంటే దాని వెంట 'బ' కూడా వచ్చినట్టే. ఒకసారి నోటికి అలవాటయ్యాక, ముక్కుతో పలికే న, మ పక్కన ఉన్న సొంత త, ప కూడా ద, బ అవుతాయి. రెండు అచ్చుల మధ్య ఉన్నవీ మెత్తబడతాయి. పెద్ద వింతేమీ కాదు, ఎన్నో భాషల్లో జరిగిందే.

ఇప్పుడు 'అమ్మ' మాట ఒక్కటి పట్టుకుని చివరిదాకా నడుద్దాం. పాత భాషలో అమ్మ 'మాచేర్'. అమ్మతో అనడానికి మీ వ్యాకరణంలో 'మాచేర్‌ంప' అని రాశారు. తొఖారియన్‌లో విభక్తులు మన పద్ధతిలోనే అతుకుతాయి, అది గమనించకపోతే ఎలా? మనం ఇల్లులో అనం, ఇంటిలో అంటాం. ముందు 'ఇల్లు' కాస్తా 'ఇంటి' అవ్వాలి, దాని మీద లో, కి, నుంచి అంటుకోవాలి. వాళ్లకీ అంతే. మాచేర్ ముందు 'మాతర్' అవ్వాలి, ఆపైన 'ంప' చేరి 'మాతర్‌ంప' అవుతుంది. ఇంకో ముచ్చట. 'ఏ' భాషలో 'కుక్లస్ యుకస్ ఒంకల్మాస్యో' అని ఉంటుంది: రథాలు, గుర్రాలు, ఏనుగులతో. ఆ 'తో' చివరి మాటకి ఒక్కదానికే! నేను మొదటిసారి ఈ ఉదాహరణ చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. సంస్కృతం వైపు చుట్టంగా వచ్చిన భాష, తీరా చూస్తే విభక్తుల విషయంలో మనలాగే కూర్చుని ఉంది.

సరే, మన ధ్వని సూత్రాలు పట్టించండి. మాచేర్ నుంచి 'మాజెర్', మాతర్ నుంచి 'మాదర్', మాతర్‌ంప నుంచి 'మాదరంబ'. మాదర్ అనగానే ఏమైనా తట్టిందా? పారసీలో అమ్మని అచ్చం అలాగే అంటారు. ఉయ్ఘుర్ నిండా పారసీ మాటలే కాబట్టి, మీ నవలలో లోయకి వచ్చే పండితుడు 'మాదరంబ' విని 'పారసీ అరువు' అని నోట్‌బుక్‌లో రాసుకుని ముందుకి పోతాడు. తన చెవిలో పడింది ఏమిటో అతనికి ఎప్పుడు తెలుస్తుందనేది మీ ఇష్టం. 'మాజెర్' విన్న రోజు తెలిస్తే బాగుంటుంది, పారసీలో దానికి దీటైన రూపం లేదు.

వాడుకలో మాతర్ లాంటి వంకర రూపాలు సాపు అయిపోవా అని మీరు అడగచ్చు. అవుతాయి. గుర్రం, బండి, గొడ్డలి లాంటివి అన్నీ సాపు చేసేయండి. అమ్మ, నాన్న, అన్న, కూతురు మాత్రం వంకరగానే ఉండనివ్వండి. రోజూ నోట్లో నానే మాటల్లోనే పాత వంకర నిలుస్తుంది.

ఆడవాళ్లకి వేరే 'నేను' ఉండటం నిజమే. కానీ అది 'ఏ' భాషలో. అందులో మగవాడు 'నష్' అంటే ఆడమనిషి 'ఞుక్' అంటుంది. కుచా భాషలో ఇద్దరిదీ ఒకటే మాట. మీది కుచా లోయ కాబట్టి తీసేయాలి. ఉయ్ఘుర్‌లో అసలు లింగభేదమే లేదు, వాడు, అది, ఆమె అన్నిటికీ ఒకటే. అలాంటి పొరుగుతో ఇంతకాలం ఉన్న భాషలో విశేషణాలకి కూడా పుంలింగం, స్త్రీలింగం అంటగట్టారు మీరు. అవి ఎప్పుడో రాలిపోయి ఉంటాయి.

మతం సంగతి మీరు తాకనే లేదు. కుచా ఒకప్పుడు బౌద్ధానికి పెట్టింది పేరు. బౌద్ధ గ్రంథాలను చైనీస్‌లోకి అనువదించిన కుమారజీవుడు 344లో పుట్టింది అక్కడే, తల్లి ఆ రాజు చెల్లెలు. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఆ ప్రాంతమంతా ఇస్లాం అయింది. దేవుడికి ఖుదా అంటారు. మరి బుద్ధుడికి ఉన్న పాత మాట 'పఞక్తే' ఏమైనట్టు? పారసీలో బుద్ధుడి పేరు నుంచే 'బొత్' అని విగ్రహానికి మాట పుట్టింది. మీ లోయలో పఞక్తే, గుహల్లో గోడ మీద కనిపించే బొమ్మలకి పేరై ఉండచ్చు, పిల్లల్ని భయపెట్టే బూచిగా మిగిలుండచ్చు. పక్కనే కిజిల్ గుహలున్నాయి కదా. అక్కడి గోడల బొమ్మల్ని జర్మన్ బృందాలు రంపాలతో కోసి బెర్లిన్‌కి పట్టుకుపోయాయి. బూచి బొమ్మలు మాయమైపోవడం చూసిన ముత్తాత కథ మీకు ఊరికే దొరుకుతోంది, వదులుకోకండి.

చివరిగా, ఇలాంటి భాష బతికుండటం సాధ్యమా అని ఎవరైనా అడిగితే తజికిస్తాన్‌లోని యఘ్నోబ్ లోయ చూపించండి. పట్టుదారి వర్తకుల సోగ్డియన్ భాషకి మిగిలిన ఒకే ఒక్క వారసురాలు యఘ్నోబీ. 1970లో సోవియట్ అధికారులు ఆ లోయ ఖాళీ చేయించి జనాన్ని కింద పత్తి పొలాలకి తరలించారు. తర్వాత కొందరు మళ్లీ కొండెక్కారు. షిన్‌జియాంగ్‌లోనే ఇంకో నమూనా ఉంది. తష్కుర్గాన్‌లో సరికోలీ, వాఖీ మాట్లాడేవాళ్లందరూ సర్కారు లెక్కలో 'తజిక్'లే. చైనా గుర్తించిన జాతులు 56, అందులో చివరిది 1979లో చేరిన జినో. మీ వాళ్లు ఆ 56లో ఏ పేరు కింద ఉన్నారు? ఉయ్ఘుర్లనా, తజిక్‌లనా? గుర్తింపు కార్డు మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. పిల్లలకి బడిలో చైనీస్. ఇది తేల్చకుండా 401వ మాట తయారుచేయకండి.

ప్రశ్న: ఎడారిలో దొరికిన నాలుగు వేల ఏళ్ల నాటి గోధుమరంగు జుట్టు మమ్మీలు తొఖారియన్లవే అంటారు. నిజమా?

మమ్మీలు మాట్లాడవు. చాలాకాలం అలా అనుకున్నవాళ్లున్నారు. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం తారిమ్‌లో (ఆ ఎడారి ఉన్న పల్లపు ప్రాంతం) ఉన్న ఆ తొలి జనం పడమటి నుంచి కొత్తగా వలస వచ్చినవాళ్లు కారు, చాలా పాత ఆసియా జనాభాకి వారసులు. వాళ్లకీ, రెండు వేల ఏళ్ల పైచిలుకు తర్వాత రాతలో కనిపించే భాషకీ ముడి వేయడానికి ఆధారం లేదు. జుట్టు రంగు చూసి భాష చెప్పే విద్య నాకు రాదు.

ప్రశ్న: అమ్మా, నా వయసు డెబ్బై దాటింది. ఊరికే కుతూహలం. ఆ భాష ఇప్పుడుంటే ఏ లిపిలో రాసేవారు? మన అక్షరాలకు దగ్గరగా ఉండేదా?

నమస్కారమండీ. అప్పట్లో అయితే దగ్గరే, బ్రాహ్మి మన లిపికీ తల్లే కదా. 7వ శతాబ్దంలో అటు మీదుగా వచ్చిన చైనా బౌద్ధ యాత్రికుడు షువాన్‌జాంగ్ (మన హ్యుయాన్‌త్సాంగ్) కూడా కుచా లిపి భారతదేశం నుంచి తెచ్చుకుని కొద్దిగా మార్చుకున్నదేనని రాశాడు. సంగీతంలో వాళ్లని మించినవాళ్లు లేరని కూడా మెచ్చుకున్నాడు. ఆ 'కొద్దిగా మార్చుకోవడం' భలేగా ఉంటుంది. వాళ్ల భాషలో అ, ఇ రెంటికీ నడుమ ఒక అచ్చు ఉంది. సంస్కృతంలో అది లేదు, కాబట్టి బ్రాహ్మిలో దానికి గుర్తు లేదు. అక్షరం పైన రెండు చుక్కలు పెట్టారు, కొన్ని హల్లులకి ఆ అచ్చుతో కలిపి కొత్త రూపాలే కట్టారు.

ఇప్పుడైతే అసలు రాయకపోవడమే సహజం. సరికోలీకి అధికారికంగా లిపి లేదు. రాసినా ఉయ్ఘుర్ల అరబిక్ అక్షరాల్లో రాస్తారు. ఆ ఉయ్ఘుర్‌కే 1960లలో లాటిన్ లిపి తెచ్చి, 1982లో మళ్లీ అరబిక్‌కి తిప్పారు. తాత రాసిన ఉత్తరం తండ్రి చదవలేడు, తండ్రి రాసింది కొడుకు చదవలేడు.

ప్రశ్న: ఇలాంటి దాగున్న ప్రాచీన భాష మన దేశంలో ఎక్కడైనా ఉందా?

ఉందన్నవాళ్లున్నారు. 1980లలో క్లాస్ పీటర్ జోలర్ అనే జర్మన్ పరిశోధకుడు ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో బంగాణీ అనే భాష మీద పనిచేశారు. పైకి చూస్తే చుట్టుపక్కల పహాడీ భాషల్లాంటిదే. కానీ కొన్ని మాటల్లో 'శ' రావాల్సిన చోట 'క' వినిపిస్తోందనీ, ఇది ఏదో కెంతుమ్ భాష (అంటే పైన చెప్పిన 'క' వైపు భాష) మిగిల్చిపోయిన పొర అనీ ఆయన ప్రకటించారు. పండిత లోకంలో పెద్ద గొడవ. 1996లో వాన్ డ్రీమ్, శర్మ అనే ఇద్దరు అక్కడికి వెళ్లి వచ్చి అలాంటి మాటలేమీ లేవు పొమ్మన్నారు. తర్వాత అన్వితా అబ్బి వెళ్లి ఉన్నాయన్నారు. ఇప్పటికీ ఒక కొలిక్కి రాలేదు.

నా మటుకు నాకు, ఆ మాటలు ఉన్నాయనే అనిపిస్తుంది, కానీ వాటి మీద అంత పెద్ద మేడ కట్టడానికి చాలవు. పరిశోధకుడు ఎలా అడిగాడు, ఎవరిని అడిగాడు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోవడం క్షేత్రంలో పనిచేసిన ప్రతివాళ్లకీ అనుభవమే. మన నవలాకారుడు ఈ గొడవ మీద వచ్చిన వ్యాసాలు తప్పక చదవాలి. ఆయన లోయ బయటపడితే జరిగేది ఇదే.

ప్రశ్న: ఎం.ఏ. చదువుతున్నాను. తొఖారియన్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి మేడం? సంస్కృతం కొద్దిగా వచ్చు.

సంస్కృతం కొద్దిగా వచ్చినా చాలు, సగం టెన్షన్ తగ్గినట్టే. 'బీ'తో మొదలుపెట్టండి, ప్రతులు ఎక్కువ. వియన్నా విశ్వవిద్యాలయం వాళ్లు రాతప్రతుల్ని లిప్యంతరీకరణ, అనువాదాలతో ఇంటర్నెట్‌లో పెడుతున్నారు, డబ్బు కట్టక్కర్లేదు. అందరూ బౌద్ధ కథలతో మొదలుపెడతారు. అక్కడ మాట మాటకీ సంస్కృతం నీడ పడుతూ ఉంటుంది. ముందు మఠాల జమాఖర్చులు చూడండి. ఆ తర్వాత 7వ శతాబ్దపు బిడారుల అనుమతి చీటీలు. చెక్క పలకల మీద రాసినవి. ఎవరు వెళ్తున్నారు, వెంట మనుషులెంతమంది, గాడిదలెన్ని, గుర్రాలెన్ని, ఇంతకు మించి వదలొద్దు అని చెక్‌పోస్టు వాళ్లకి ఆజ్ఞ. చిన్న చిన్న వాక్యాలు, అవే అంకెలు, అవే విభక్తులు మళ్లీ మళ్లీ వస్తాయి, కాబట్టి త్వరగా పట్టుబడతాయి. నిఘంటువుకి డగ్లస్ ఆడమ్స్‌ది. 1999 కూర్పు పాత పుస్తకాల షాపులో చవగ్గా కనిపించినా కొనకండి, 2013లో సవరించినది చూడండి.